భారతదేశంలో ఆడవాళ్ల ఓటు హక్కు, తొలి పోరాటం: తరచుగా అడిగే ప్రశ్నలు

మన దేశంలో ఆడవాళ్లకు ఓటు హక్కు రాజ్యాంగంతో పాటు 1950లో దానంతట అదే వచ్చేసిందని, ఎవరూ అడగలేదని, ఎవరూ పోరాడలేదని చాలామంది నమ్ముతారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. అంతకు 33 ఏళ్ల ముందే మద్రాసులో కొందరు ఆడవాళ్లు వెళ్లి తెల్లదొరల ఎదుట కూర్చుని ఓటు అడిగారు. ఆ తర్వాత మూడు దశాబ్దాలు అడుగుతూనే ఉన్నారు. విద్యార్థులు, టీచర్లు, మామూలు పాఠకులు ఈ విషయంపై ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఇంతకీ ఆడవాళ్లకు ఓటు ఎప్పుడు వచ్చింది? 1921 అని కొందరు, 1935 అని కొందరు, 1950 అని కొందరు అంటారు.

మూడూ నిజమే. మూడు సార్లూ జరిగింది మాత్రం వేరు వేరు. 1921లో మద్రాసు ప్రెసిడెన్సీ "ఆడది కాబట్టి ఓటు లేదు" అనే అడ్డంకిని తీసేసింది. అయితే ఆస్తి ఉండాలన్న షరతు అలాగే ఉండిపోయింది. బ్రిటిష్ వాళ్లు తెచ్చిన 1935 భారత ప్రభుత్వ చట్టం ఆస్తి లేని కొందరు ఆడవాళ్లకు, భర్త ఆస్తిని బట్టి గానీ, చదువును బట్టి గానీ ఓటు ఇచ్చింది. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు ఇచ్చింది. ఆస్తి, చదువు, కులం, మతం, ఆడ, మగ అన్న తేడాలేవీ అందులో లేవు. పరీక్షలో ప్రశ్న వస్తే ముందు అది ఏ మెట్టు గురించి అడుగుతోందో చూసుకోవాలి.

మొదట అడిగింది ఎవరు? ఎక్కడ?

1917లో, మద్రాసులో. ఆ ఏడాది ఆగస్టులో భారత వ్యవహారాల మంత్రి ఎడ్విన్ మాంటేగు, ఇండియాలో క్రమంగా బాధ్యతాయుత ప్రభుత్వం ఏర్పాటు చేస్తామని ప్రకటించాడు. తర్వాత ఆయనే ఇక్కడికొచ్చి, వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్‌తో కలిసి ఊరూరా తిరిగి అన్ని వర్గాల వాళ్ల మాటా విన్నాడు. జమీందార్లు, వర్తకులు, మత సంఘాలు, రాజకీయ పార్టీలు అర్జీలు పట్టుకుని బారులు తీరారు.

అప్పటికి కొన్ని నెలల క్రితమే, మే నెలలో, మద్రాసు అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ మొదలైంది. అనీబిసెంట్, మార్గరెట్ కజిన్స్, డొరోతీ జినరాజదాస దాని వెనక ఉన్నవాళ్లు. ఆడపిల్లల చదువు గురించి మాంటేగుతో మాట్లాడాలని మార్గరెట్ అపాయింట్‌మెంట్ అడిగారు. రాజకీయ విషయాలైతేనే వింటాం, మిగతావి కుదరవు అని జవాబొచ్చింది. అయితే రాజకీయమే అడుగుదాం అని ఆమె అర్జీలో ఓటు హక్కును చేర్చారు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు ఆ జవాబు రాసిన గుమాస్తా ఎవరో గానీ చరిత్రకు పెద్ద మేలే చేశాడనిపిస్తుంది. బడి, ఆసుపత్రి కావాలంటే వినే నాథుడు లేడని, వినాలంటే చేతిలో ఓటుండాలని ఆ ఆడవాళ్లకు అప్పుడే తెలిసొచ్చింది.

డిసెంబర్‌లో సరోజినీ నాయుడు నాయకత్వంలో మహిళా బృందం మాంటేగును, వైస్రాయ్‌ను కలిసింది. కొత్త చట్టంలో "ప్రజలు" అని రాసే చోట ఆడవాళ్లను కూడా ప్రజలుగానే లెక్కించాలని అడిగారు. ఆడపిల్లలకూ మగపిల్లలతో సమానంగా చదువు చెప్పించాలని, ఆడవాళ్లకు వైద్య సౌకర్యాలు పెంచాలని కూడా అడిగారు.

మార్గరెట్ కజిన్స్ విదేశీయురాలు కదా, ఆమెకు ఇక్కడేం పని?

ఆమె ఐర్లండ్ మనిషి. అక్కడ ఆడవాళ్ల ఓటు కోసం పోరాడి లండన్‌లోనూ డబ్లిన్‌లోనూ జైలుకెళ్లొచ్చారు. 1915లో భర్త జేమ్స్ కజిన్స్‌తో ఇండియా వచ్చారు. తర్వాత ఇద్దరూ మదనపల్లెలో, బిసెంట్ స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేశారు. ఆమె ఆ ఊళ్లో ఆడవాళ్లను కూడగట్టి సమాజం నడిపారు. అంటే ఓటు అడిగిన అర్జీ రాసిన చేతికి ఇండియాలో ఆడవాళ్ల సంఘం నడిపే అనుభవం వచ్చింది రాయలసీమలోనే. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లెలో బస చేసినప్పుడు జనగణమన పాట బాణీని స్వరాలుగా రాసి పెట్టడంలో సాయపడింది కూడా ఈవిడే.

ఓటు ఉద్యమం పరాయి దేశపు స్త్రీలు మన నెత్తిన పెట్టిందన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ వినిపిస్తుంది. అది న్యాయం కాదు. 1902లోనే మచిలీపట్నంలో భండారు అచ్చమాంబ బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ఆడవాళ్లు నలుగురూ ఒకచోట చేరి ఊరి సంగతులు మాట్లాడుకోవడం మన జిల్లాల్లో అప్పటికే అలవాటైంది. కజిన్స్ లాంటి వాళ్లకు అర్జీ ఎలా రాయాలో, ఏ దొరను ఎప్పుడు కలవాలో తెలుసు. ఆ పనితనం ఇక్కడి వాళ్లకు కలిసొచ్చింది.

సరోజినీ నాయుడు ఏమని వాదించారు?

హైదరాబాదులో పుట్టి పెరిగి, డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడుని కులాంతర వివాహం చేసుకున్న సరోజినికి సభను కట్టిపడేసే మాటకారితనం ఉంది. 1918లో బొంబాయిలో జరిగిన కాంగ్రెస్ ప్రత్యేక సమావేశంలోనూ, అదే ఏడాది చివర ఢిల్లీ సమావేశంలోనూ ఆమె ఆడవాళ్ల ఓటు కోసం మాట్లాడారు. కాంగ్రెస్ మద్దతిచ్చింది.

ఆమె వాదన ఇప్పుడు చదివితే కొంచెం జంకుగా అనిపిస్తుంది. ఓటొస్తే ఆడవాళ్లు మగవాళ్ల పనుల్లో తలదూర్చరని, ఇల్లు వదిలేయరని, పిల్లల్లో దేశభక్తి నింపడానికే ఓటు పనికొస్తుందని ఆమె సభకు భరోసా ఇచ్చారు. అంత సర్దుబాటు అవసరమా అని ఈ తరం అమ్మాయిలు అడుగుతారు. ఆ సభల్లో కూర్చున్నవాళ్లు దాదాపు అంతా మగవాళ్లేనన్నది గుర్తుంచుకోవాలి. వాళ్ల చేతులు పైకి లేస్తేనే తీర్మానం నెగ్గుతుంది. వాళ్ల భయం ఎక్కడుందో తెలుసు కాబట్టే ముందు ఆ భయాన్ని తీర్చారని నాకనిపిస్తుంది.

బ్రిటిష్ వాళ్లు వెంటనే ఎందుకు ఇవ్వలేదు?

ఎవరికి ఓటివ్వాలో తేల్చడానికి లార్డ్ సౌత్‌బరో అధ్యక్షతన కమిటీ వేశారు. అది దేశం తిరిగి, అర్జీలు చూసి, ఆడవాళ్లకు ఇప్పుడే వద్దని తేల్చింది. ఇక్కడి సమాజం ఛాందసమైనదని, పరదా పాటించే ఆడవాళ్లు పోలింగ్‌కు రాలేరని కారణం చెప్పారు. అదే 1918లో బ్రిటన్‌లో 30 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు, అదీ కొన్ని షరతులతో, ఓటొచ్చింది. మగవాళ్లతో సమానంగా 1928 వరకూ రాలేదు. తమ ఇంట్లోనే సగం తెరిచిన తలుపు అది. మనకు మాత్రం మీ సంప్రదాయం ఒప్పుకోదని చెప్పారు. ఇక్కడి ఆడవాళ్లు ఓటు అడుగుతుంటే, సంప్రదాయం పేరు చెప్పి కాదన్నది పాలకులే.

లండన్ దాకా వెళ్లి వాదించినవాళ్లు ఎవరు?

బొంబాయికి చెందిన తల్లీకూతుళ్లు హీరాబాయి టాటా, మిఠన్ టాటా. 1911లో కాశ్మీర్‌కు వెళ్లినప్పుడు వాళ్లకు సోఫియా దులీప్ సింగ్ పరిచయమైంది. ఆమె పంజాబు చివరి మహారాజు దులీప్ సింగ్ కూతురు, ఇంగ్లండ్‌లో ఓటు ఉద్యమకారిణి. ఆమె పెట్టుకున్న "ఆడవాళ్లకు ఓటు" బ్యాడ్జి చూసి హీరాబాయి ఆరా తీశారు. ఆ ఆసక్తే 1919లో ఆమెను లండన్ తీసుకెళ్లింది. పార్లమెంటు సంయుక్త కమిటీ ముందు ఆమె, కూతురు సాక్ష్యమిచ్చారు. సరోజిని, అనీబిసెంట్ కూడా మాట్లాడారు. కాంగ్రెస్ మాజీ అధ్యక్షుడు సర్ శంకరన్ నాయర్ వాళ్లకు అండగా నిలిచారు.

పార్లమెంటు అవుననలేదు, కాదనలేదు. 1919 భారత ప్రభుత్వ చట్టంలో ఆడవాళ్ల ఓటు సంగతి ఆయా రాష్ట్రాల కౌన్సిళ్లు తీర్మానం చేసుకోవచ్చని వదిలేసింది. మిఠన్ తర్వాత బారిస్టర్ చదివి బొంబాయి హైకోర్టులో ప్రాక్టీస్ చేసిన తొలి మహిళ అయ్యారు.

మద్రాసు అందరికంటే ముందు ఎందుకు ఒప్పుకుంది?

1921 ఏప్రిల్‌లో మద్రాసు లెజిస్లేటివ్ కౌన్సిల్ ఆడవాళ్ల మీదున్న అడ్డంకిని తీసేస్తూ తీర్మానం చేసింది. అప్పుడు అధికారంలో ఉన్నది జస్టిస్ పార్టీ. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో ఇదే మొదటిది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ అంటే కోస్తా జిల్లాలు, రాయలసీమ కూడా అందులోవే. కాబట్టి గుంటూరు, కర్నూలు, రాజమండ్రి ఆడవాళ్లకు కూడా ఆ తీర్మానం వర్తించింది. తెలుగు వాళ్లం ఈ విషయం గట్టిగా చెప్పుకోవచ్చు.

కారణాలు చాలా ఉన్నాయి. విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టిల్లు ఇదే, ఊళ్లల్లో దాని శాఖలున్నాయి. దాని పత్రిక స్త్రీధర్మ ఇంగ్లీషులో వచ్చినా తెలుగు, తమిళ వ్యాసాలూ వేసేది. ఉత్తరాదితో పోలిస్తే ఇక్కడ పరదా పట్టింపు తక్కువ. ఇంకొక కారణం కూడా ఒప్పుకోవాలి. ఓటొచ్చే ఆడవాళ్లు ఎంత తక్కువ మందో కౌన్సిల్ సభ్యులకు బాగా తెలుసు. అందుకే వాళ్లకు పెద్దగా టెన్షన్ లేదు.

ఎంత తక్కువ మంది?

ఈ ఉద్యమం గురించి మాట్లాడేటప్పుడు చాలామంది దాటేసే చోటు ఇదే. 1919 చట్టం కింద ఓటు రావాలంటే భూమి శిస్తో, ఇంటి పన్నో, ఆదాయపు పన్నో ఒక మొత్తానికి మించి కట్టాలి. మగవాళ్లలోనే చాలా కొద్దిమందికి ఆ అర్హత ఉంది. ఇక ఆడవాళ్ల మాట చెప్పేదేముంది?

హిందూ కుటుంబాల్లో భూమి మగవాళ్ల పేరిట ఉండేది. కూతురికి పుట్టింటి పొలంలో వాటా లేదు. పసుపు కుంకుమ కింద ఇచ్చిన నగలకు శిస్తు ఉండదు, కాబట్టి వాటితో ఓటు రాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా పొలంలో పనిచేసే ఆడమనిషికి ఆ పొలం మీద పట్టా లేదు. భర్త పోయి, కొడుకులు లేక, పట్టా తన పేరు మీదికి వచ్చిన వితంతువుకు రావచ్చు. ఏదైనా ఎస్టేటు జమీందారిణికి రావచ్చు. దేశం మొత్తం మీద వయసొచ్చిన ఆడవాళ్లలో నూటికి ఒకరికి మించి ఓటు దక్కలేదు. ఇరవై మంది మగ ఓటర్లకు ఒక ఆడ ఓటరు, అప్పటి లెక్క అది.

కూలి చేసుకునేవాళ్లు, అంటరానివాళ్లని దూరం పెట్టిన కులాల ఆడవాళ్లు, కౌలు రైతుల భార్యలు ఈ లెక్కలో లేనే లేరు. అందుకే 1921 మంచి మొదలే గానీ, "ఆడవాళ్లకు ఓటొచ్చింది" అని అక్కడితో ఆగిపోతే మనం పట్టా ఉన్నవాళ్ల గురించే మాట్లాడినట్టు.

మిగతా రాష్ట్రాలు?

బొంబాయి అదే 1921లో ఒప్పుకుంది. బెంగాల్ కౌన్సిల్ 1921లో ఓడించింది. అక్కడ కవయిత్రి కామినీ రాయ్ వంటి వాళ్లు పట్టు వదలకుండా ప్రచారం చేశాక 1925లో దారికొచ్చింది. యునైటెడ్ ప్రావిన్సెస్ (ఇప్పటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) 1923లో, పంజాబ్ 1926లో, బీహార్, ఒరిస్సా 1929లో ఒప్పుకున్నాయి.

ఓటు వేయడం సరే, పోటీ చేసే హక్కు?

అది 1926లో వచ్చింది. ఆ ఏడాదే కమలాదేవి చట్టోపాధ్యాయ మద్రాసు కౌన్సిల్‌కు మంగళూరు ప్రాంతం నుంచి నిలబడ్డారు. ఆమె సరోజిని తమ్ముడు హరీంద్రనాథ్ భార్య. నిలబడమని వెంటపడింది మార్గరెట్ కజిన్స్. ప్రచారానికి దొరికిన సమయం చాలా తక్కువ. అయినా కొద్ది ఓట్ల తేడాతోనే ఓడిపోయారు.

ఆ ఎన్నికల తర్వాత డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిని కౌన్సిల్‌కు నామినేట్ చేశారు. బ్రిటిష్ ఇండియాలో శాసనసభలో కూర్చున్న తొలి మహిళ ఆమె. సభ్యులు ఆమెను ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఆడపిల్లల్ని దేవాలయాలకు అంకితం చేసే ఆచారంపై ఆమె తెచ్చిన బిల్లు, బాల్య వివాహాలకు వ్యతిరేకంగా చేసిన ప్రసంగాలు చూస్తే, 1917లో అడిగినవాళ్లు ఓటు ఎందుకు కావాలన్నారో అర్థమవుతుంది. 1930లో గాంధీజీ అరెస్టుకు నిరసనగా ఆమె కౌన్సిల్‌కు రాజీనామా చేశారు.

జాతీయోద్యమ నాయకులంతా మద్దతిచ్చారా?

అందరూ ఇవ్వలేదు. మొదట్లో గాంధీజీ కూడా, ఇది సమయం కాదని, ఆడవాళ్లు ముందు స్వరాజ్యం కోసం మగవాళ్లకు తోడు నిలవాలని అన్నారు. తర్వాతి కాలంలో ఆయన పిలుపుతోనే లక్షలాది ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చారన్నదీ నిజమే. 1928 నాటి నెహ్రూ నివేదిక, 1931 కరాచీ కాంగ్రెస్ వయోజనులందరికీ ఓటు ఉండాలని చెప్పాయి. ఉప్పు సత్యాగ్రహంలో లాఠీ దెబ్బలు తిని, జైళ్లు నింపిన ఆడవాళ్లను చూశాక వాళ్లకు ఓటు వద్దని చెప్పే ధైర్యం ఏ నాయకుడికీ మిగల్లేదు.

1935 చట్టం ఏం మార్చింది?

రాజ్యాంగ సంస్కరణలపై లండన్‌లో జరిగిన రౌండ్ టేబుల్ సమావేశాల తర్వాత 1932లో లోథియన్ కమిటీ వచ్చింది. ఆడ ఓటర్లు మరీ తక్కువగా ఉన్నారని ఒప్పుకుని, ఆస్తి ఉన్న ఓటరు భార్యకూ ఓటివ్వాలని సూచించింది. 1935 చట్టంలో భార్య హోదా, చదవడం రాయడం అనే రెండు కొత్త దారులు తెరిచారు. ఓటున్న ఆడవాళ్లు సుమారు 60 లక్షలకు చేరారు. మగవాళ్లు సుమారు 2.9 కోట్లు.

భార్య అయితే ఓటు అనే పద్ధతిని మన మహిళా సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. పెళ్లితో ఓటుకు ముడిపెట్టడమేంటని వాళ్ల ప్రశ్న. మనిషిగా ఉన్న హక్కును మొగుడి ఆస్తికి తగిలించడం వాళ్లకు అవమానంగా తోచింది. దానికి తోడు కొన్ని ప్రాంతాల్లో ఆడవాళ్లు తామే దరఖాస్తు పెట్టుకుంటే తప్ప జాబితాలో పేరెక్కేది కాదు. మగవాళ్లకు ఆ తిప్పలు లేవు.

రిజర్వుడ్ సీట్లు ఇస్తామంటే ఎందుకు వద్దన్నారు?

ఇప్పటి వాళ్లకు వింతగా ఉంటుంది, 2023లో మూడోవంతు సీట్ల రిజర్వేషన్ కోసం రాజ్యాంగాన్నే సవరించాం కాబట్టి. 1931లో ఆల్ ఇండియా విమెన్స్ కాన్ఫరెన్స్‌తో సహా మూడు పెద్ద మహిళా సంఘాలు కలిసి, వయోజనులందరికీ ఓటు ఇవ్వండి, మాకు ప్రత్యేక సీట్లు, నామినేషన్లు వద్దు అని రాశాయి. మతాల వారీగా ఓటర్లను విడగొడుతున్న కాలం అది. ఆడవాళ్లనూ అలాగే చీలుస్తారని వాళ్ల భయం. ఆ భయమే నిజమైంది. 1935 చట్టం రాష్ట్రాల్లో ఆడవాళ్లకు 41 సీట్లిచ్చి, వాటిని మతాల వారీగా పంచింది. మద్రాసు అసెంబ్లీలో 215 సీట్లకు 8 ఆడవాళ్లవి.

అయితే అందరిదీ ఒకే మాట కాదు. రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లిన రాధాబాయి సుబ్బరాయన్, బేగం షానవాజ్ కొంతకాలమైనా ప్రత్యేక ఏర్పాటు ఉండాలన్నారు. మనసులో సమానత్వం ఎంత ఉన్నా, ఆస్తి, పలుకుబడి లేని ఆడమనిషిని పార్టీలు నిలబెట్టవని వాళ్ల అనుమానం. ఆ తర్వాతి డెబ్బై ఏళ్ల చట్టసభలను చూస్తే వాళ్ల అనుమానానికే ఎక్కువ బలం కనిపిస్తుంది.

తెలుగు ఆడవాళ్ల పాత్ర ఏమిటి?

రుక్మిణీ లక్ష్మీపతిని ముందు చెప్పాలి. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి గారి భార్య. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. 1937 ఎన్నికల్లో గెలిచి మద్రాసు అసెంబ్లీకి డిప్యూటీ స్పీకర్ అయ్యారు. 1946లో టంగుటూరి ప్రకాశం పంతులు మంత్రివర్గంలో ఆరోగ్యశాఖ చూశారు.

రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి (తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్) 1946లో మద్రాసు నుంచి రాజ్యాంగ సభకు వెళ్లారు. ఆ సభలో ఆడవాళ్లు 15 మంది. ఎగువసభకు పోటీ చేసే వయసు 35 నుంచి 30కి తగ్గించాలని సవరణ తెచ్చింది దుర్గాబాయే. మద్రాసులో ఆమె నడిపిన ఆంధ్ర మహిళా సభ, ఎందరో ఆడవాళ్లకు ఆగిపోయిన చదువును మళ్లీ అందించింది. ఓటు చట్టంలో ఉంటే చాలదు, దాన్ని వాడుకునే ధైర్యం రావాలని ఆమెకు తెలుసు.

రాజ్యాంగ సభలో ఈ ఓటు మీద పెద్ద గొడవ జరిగిందా?

ఆడవాళ్ల ఓటు మీద జరగలేదు. అడగాల్సింది, వాదించాల్సింది అంతకు ముందు 30 ఏళ్లలోనే అయిపోయింది. 325వ అధికరణ మతం, జాతి, కులం, లింగం కారణంగా ఎవరినీ ఓటర్ల జాబితా నుంచి తీసేయకూడదంది. 326వ అధికరణ వయోజన ఓటు ఇచ్చింది. ఫ్రాన్స్‌లో ఆడవాళ్లకు ఓటు 1944లో, స్విట్జర్లాండ్‌లో జాతీయ ఎన్నికలకు 1971లో వచ్చింది. న్యూజిలాండ్ 1893లోనే ఇచ్చింది. మనం ఏ వరసలో ఉన్నామో దీన్ని బట్టి చూసుకోవచ్చు.

మొదటి సాధారణ ఎన్నికల్లో లక్షల మంది ఆడవాళ్ల పేర్లు కొట్టేశారంటారు, నిజమేనా?

నిజమే. 1951-52 ఎన్నికలకు సుమారు 17.3 కోట్ల మంది ఓటర్లు నమోదయ్యారు. జాబితా రాయడానికి ఇంటికొచ్చిన సిబ్బందికి చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్యను, ఫలానా వారి కూతుర్ని అన్నారు. పరాయి మగవాడికి పేరు చెప్పకూడదన్నది వాళ్ల ఊళ్లలో ఆచారం. సొంత పేరు లేని నమోదు చెల్లదని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. పేర్లు సరిచేసుకోవడానికి బీహార్‌లో అదనంగా గడువు ఇచ్చారు. చివరికి దేశంలో సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ల నమోదులు తీసేయాల్సి వచ్చింది. ఎక్కువ భాగం బీహార్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, వింధ్యప్రదేశ్‌లలో.

సేన్ మొండితనం అప్పట్లో కఠినంగా కనిపించి ఉంటుంది. ఆయన చేసింది సరైన పనే అంటాను. భార్య హోదా మీద ఓటు ఇచ్చిన 1935 చట్టాన్ని తీసేశాక, జాబితాలో మళ్లీ "ఫలానా వారి భార్య" అని రాసుకోనిస్తే, వదిలించుకున్నది మళ్లీ వెనక్కి తెచ్చుకున్నట్టే.

తెలంగాణ సంగతేమిటి? అక్కడ 1921 తీర్మానం వర్తించిందా?

లేదు. తెలంగాణ జిల్లాలు నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో ఉండేవి. మద్రాసు కౌన్సిల్ తీర్మానాలకు అక్కడ విలువ లేదు. ఓటు కోసం మాంటేగు ముందుకు బృందాన్ని నడిపిన సరోజిని సొంతూరి ఆడవాళ్లకే ఆ ఓటు చేరలేదు. తెలంగాణ ఆడవాళ్లు రాజకీయాల్లోకి వచ్చిన దారి వేరు. ఆంధ్ర మహాసభ, వెట్టికి వ్యతిరేకంగా పోరాటం, ఆ తర్వాత సాయుధ పోరాటం, ఇవీ వాళ్ల బడులు.

1952లో హైదరాబాదు రాష్ట్రంలో తొలిసారి వయోజన ఓటుతో ఎన్నికలు జరిగాయి. సాయుధ పోరాటంలో పనిచేసిన ఆరుట్ల కమలాదేవి కమ్యూనిస్టుల పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున ఆలేరు నుంచి గెలిచారు. సంగం లక్ష్మీబాయి బాన్సువాడ నుంచి, మాసూమా బేగం పాతబస్తీలోని శాలిబండ నుంచి గెలిచారు. మాసూమా బేగం 1960లో ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి కూడా అయ్యారు.